ఆదివారం పురుగులు

కామారెడ్డి,
30 అక్టోబర్ 2024

రూతు వదినకు,

ఫోన్ పెట్టేసింది నువ్వే అయినా తప్పు నాది. రెండు అరటి చెట్ల మొదట్లో జిగురు కారుతోందని నువ్వు ఒక్క మాట అన్నావు. నేను ఇరవై నిమిషాలు పాఠం చెప్పాను. "నువ్వు మాట్లాడుతుంటే నేను ఊఁ కొట్టుడే అయితున్నది. చిట్టీ రాయి. సమజ్ గాకుంటే మళ్ల చదువుకుంట" అన్నావు చూడు, అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. కాలేజీలో నా క్లాసు పిల్లలూ ఇలాగే ఊఁ కొడుతున్నారేమో. మీ చెల్లె మరియ ఆస్పత్రి డ్యూటీకి రోజూ ఎల్లారెడ్డి నుంచి ఇక్కడికి బస్సులో వస్తుంది కాబట్టి ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను.

ఆ జిగురు కాండం తొలిచే పురుగుది. నల్లగా, ముక్కు పొడుగ్గా ఉంటుంది. పెద్ద పురుగు బోదె పొరల్లో గుడ్లు పెడుతుంది, దాని పిల్ల లోపలికి తొలుచుకుంటూ పోతుంది. గెల వేసి బరువెక్కాక చెట్టు గాలికి నడుం విరిగి పడుతుంది. అన్న పోయిన ఏడాది పురుగుమందు గుళికలు పోసింది దీనికోసమే. ఒట్టి చేత్తో, ఒక్కో మొవ్వులో చిటికెడు చొప్పున, తొమ్మిది వందల చెట్లకు. ఆ సాయంత్రం చొంగ కారుతూ, చెమటలు కక్కుతూ పడిపోయిన మనిషిని మనిద్దరం ఆటోలో వేసుకొచ్చిన సంగతి నీకు నేను గుర్తు చేయక్కర్లేదు. ఎండ దెబ్బ అంటాడు ఇప్పటికీ. ఎండ దెబ్బకు కుడి చెయ్యి వణకదు వదినా.

ఈ ఒక్క పంటా గుళికలు లేకుండా చూద్దామని ఆయన ఒప్పుకున్నాడు. అది నీ మాట మీద గౌరవం, నా చదువు మీద నమ్మకం కాదు. కాబట్టి జాగ్రత్తగా రాస్తున్నాను.

పక్క తోట రాజలింగు అన్న గెలలు కోస్తున్నాడు కదా. కోసిన బోదెలు అడుగు. మూరెడు ముక్కలు చేసి, నిలువునా చీల్చి, కోసిన వైపు నేలకు ఆనేటట్టు చెట్ల మొదట్లో పెట్టు. ఎకరానికి నలభై చాలు. ఆ వాసనకు పురుగులు చెట్టును వదిలి ముక్క కిందికి చేరతాయి. ప్రతి బుధవారం పొద్దున్నే ముక్కలు తిప్పి, పురుగుల్ని ఏరి సబ్బునీళ్లలో వేసి, కొత్త ముక్కలు పెట్టు. పాత ముక్కల్ని మాత్రం అలా వదలకూడదు. వాటిల్లో గుడ్లుంటాయి. తరిగి ఎండలో ఆరబెట్టాలి. ఆ పని ఆదివారం. బుధవారం నీది, ఆదివారం నాది. పొద్దుటి బస్సుకు వచ్చి నేనే చేస్తాను.

బుధవారం ముక్కల కింద, ఆదివారం పాత ముక్కల్లో ఎన్ని దొరికాయో రాసిపెట్టు. వారం వారం తగ్గాలి. తగ్గితే గెలిచినట్టే.

ఇదంతా నేను చదివి చెబుతున్నదే. నా చేతులతో ఒక్క అరటి పిలక నాటలేదు. రాయకుండా ఉంటే నిద్ర పట్టదని రాస్తున్నాను.

సుధ

*

ఎల్లారెడ్డి,
18 నవంబర్

సుధా,

నీ చిట్టీ మూడుసార్లు చదివిన. ఈసారి నడిమిట్ల ఎవ్వలు నా మాట కొయ్యలేదు, నేను గూడ నీ మాట కొయ్యలేదు. మంచిగనిపించింది.

బోదెలు అడగబోతే రాజలింగన్న నవ్వుడే నవ్వుడు. "ఏంది రూతమ్మా, బర్లను కొన్నరా?" అన్నడు. లేదన్నా, పురుగులకు అన్న. "పురుగులకు దావత్ ఇస్తున్నవా? నేను ఇన్నేండ్లు మందు పెట్టి సంపుతున్న, నువ్వు ఇస్తరేసి పిలుస్తున్నవు" అని వాళ్లింటోళ్లందర్ని పిలిచి చెప్పిండు. చెప్తే చెప్పిండు గని బోదెలు కచ్చురం బండిల ఏసి పంపిండు.

మొదటి బుధవారం నలభై ముక్కల కింద ఇరవై ఆరు దొరికినయి. ఆ పురుగు మస్తు మోసగాడు. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకొని సచ్చినట్టు పడుంటది. సచ్చిందే గదా అని గట్టు మీద పెడితే ఇంకోటి తీసేలోపట నడుస్తనే ఉన్నది. ఇప్పుడు సచ్చినదాన్ని గూడ నమ్ముతలేను. అన్నిటిని తీస్కపోయి సబ్బునీళ్లల్ల ముంచుడే.

నువ్వు రెండు ఆదివారాలు వచ్చి పాత ముక్కలు తరిగి ఎండబెట్టి పోయినవు. మేం చర్చి నుంచి వచ్చేవరకు నువ్వు బస్సుకు ఉరుకుతున్నవు. అన్నం తిని పొమ్మంటే వినవు. నీ నీలం చీర మీద అరటి జిగురు మరక పడ్డది చూసుకున్నవా? అది పోదు. ఎన్ని సబ్బులు పెట్టినా నల్లగనే ఉంటది. ఇగ తోటకు అదే కట్టుకో.

మీ అన్న పొద్దుగాల చీకటితోనే ట్రాక్టర్ మీద కూలికి పోతున్నడు, నేను పురుగులు ఏరేది ఆయనకు కండ్లపడదు. రాత్రికి గోడకు అంటించిన కాయిదం చూస్తడు. ఏమంటలేడు. ఆయన ఏమనకపోతేనే నాకు బుగులు.

చెట్ల నడుమ బొబ్బెర్లు మంచిగ పాకినయి. గడ్డి మొలుస్తలేదు.

నీ వదిన,
రూతు

*

కామారెడ్డి,
29 నవంబర్

వదినా,

పోయిన ఆదివారం రాలేకపోయాను. సెమిస్టర్ పరీక్షలు, పేపర్లు దిద్దే పని నా నెత్తిన పడింది. వచ్చే ఆదివారం కూడా కష్టమే. బహుశా డిసెంబరంతా ఇంతే. ఆదివారం ఒక్కరోజు దొరికితే బట్టలూ, బియ్యం ఏరుకోవడం, పడుకోవడం. ఎందుకిలా అలిసిపోతున్నానో తెలియదు. నలభై ఐదేళ్లకే ఇలా అయితే ఎలా అనిపిస్తుంది, మళ్లీ నీకేసి చూసి సిగ్గు పడతాను.

నేను రానప్పుడు పాత ముక్కల సంగతి నువ్వే చూసేయ్. పెద్ద పనేం కాదు, గంటసేపు. లెక్క మాత్రం మరచిపోకు. రెండు రోజులవీ ఉంటేనే ఏం జరుగుతోందో తెలుస్తుంది.

మరియ నిన్న కలిసింది. అక్క మంచిగుంది అంది. అంతకంటే ఎక్కువ చెప్పదు ఆ పిల్ల.

సుధ

*

ఎల్లారెడ్డి,
30 డిసెంబర్

సుధా,

పండుగ మంచిగ అయింది. నువ్వు పంపిన చీర కట్టుకున్న. మీ అన్న కొత్త అంగీ తొడిగి ముందు బెంచీల కూసున్నడు. పాటల పుస్తకం ఎడమ చేత్తోని పట్టుకున్నడు, వణుకు కనబడొద్దని.

డిసెంబర్ లెక్క రాస్తున్న.
4 బుధవారం: 24
8 ఆదివారం: 14
11 బుధవారం: 20
15 ఆదివారం: 11
18 బుధవారం: 15
22 ఆదివారం: 9
25 బుధవారం: 8
29 ఆదివారం: 6

నువ్వు చెప్పినట్టే తగ్గుతున్నయి.

ఇక్కడ చలి బాగున్నది. నువ్వు ఆరోగ్యం చూసుకో. అలిసిపోతున్న అంటివి, కాళ్లకు నువ్వుల నూనె రాసుకో.

రూతు

*

కామారెడ్డి,
29 జనవరి 2025

వదినా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను.

నీ డిసెంబర్ లెక్కతో గీత గీసి, మొన్న క్లాసులో బోర్డు మీద వేశాను. ఊరి పేరు చెప్పలేదు. "ఒక రైతు మహిళ ఒక్క గుళిక వాడకుండా పురుగును ఒక్క నెలలో ఎలా దించిందో చూడండి" అన్నాను. నిజం చెప్పాలంటే కొంచెం పొంగిపోయాను. వెనక బెంచీలోంచి నవత అనే అమ్మాయి లేచింది. జుక్కల్ వైపు పిల్ల, వాళ్లకీ అరటి తోట ఉంది. "మేడమ్, క్రిస్మస్ నాడు గూడ ఏరిన్రా?" అంది. వాళ్లూ చర్చికి పోయేవాళ్లే. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా కూడా నిలవలేదు.

డిసెంబర్ ఇరవై ఐదున నువ్వు తోటకు పోలేదు. పోవు. ఆ సంగతి తట్టాక కాగితం మళ్లీ చూశాను. ఎనిమిది, పదిహేను, ఇరవై రెండు, ఇరవై తొమ్మిది. ఆదివారాలు. మన ఇంట్లో ఆదివారం కొడవలి ముట్టరు. బాపు ఉన్నప్పుడు ఆదివారం పొయ్యిలోకి కట్టె కూడా శనివారమే కొట్టి పెట్టేవారు. ఆ ఇంట్లో పుట్టినదాన్ని నేను. కోడలిగా వచ్చినదానివి నువ్వు. నాకే గుర్తు లేదు.

ఆ లెక్కలు ఎక్కడివి వదినా?

కోపంగా అడుగుతున్నానని అనుకోకు. కోపం ఉంది, అది ఎవరి మీదో తేలడం లేదు. పిల్లల ముందు అబద్ధం గీసి చూపించాననే బాధ ఒకటి. అది చిన్నది. పాత ముక్కల్ని ఈ రెండు నెలలు ఎవరూ తరగలేదా? అలా ఉంటే అవి పురుగుకు ఎర కాదు, పురిటిల్లు. తోట ఎలా ఉంది? జిగురు కారే చెట్లు ఎన్ని? అన్నకు తెలుసా? ఉన్నది ఉన్నట్టు రాయి. బాగాలేకపోతే బాగాలేదనే రాయి.

సుధ

*

ఎల్లారెడ్డి,
4 ఫిబ్రవరి

సుధా,

ఉన్నది ఉన్నట్టు రాయమన్నవు. రాస్తున్న.

ఆదివారం లెక్కలు నేను ఇంట్ల కూసోని రాసిన. పండుగ నాటిది గూడ. బుధవారాలు పోయి ఏరిన మాట నిజం, గని ఆ లెక్కలు గూడ తగ్గించి రాసిన. డిసెంబర్ పద్దెనిమిది నాడు దొరికినయి పదిహేను గావు, యాభై రెండు.

ఎందుకంటవా? తగ్గాలె, తగ్గితేనే గెలిచినట్టు అని రాసింది నువ్వు. నాకేమో వారం వారం పెరుగుతున్నయి. నువ్వు చదివినదానివి, నువ్వు చెప్పింది తప్పు గాదు, నేనే ఏందో ఉల్టా చేస్తున్న అనుకున్న. నీకు ఏమని రాయాలె?

ఆదివారం సంగతి. "ఆదివారం నాది" అని రాసింది నువ్వు. నేను సంబురపడ్డ. పురుగుల కోసం గాదు, నువ్వు వారం వారం ఇంటికొస్తవని. చర్చికి రాకున్నా సరే, తోట దాక అన్న వస్తవు గదా అని. మూడో ఆదివారం రాలేదు. తర్వాత రానే లేదు. పైకెల్లి నన్నే చూసెయ్ అన్నవు, పెద్ద పనేం గాదన్నవు. నేను ఆదివారం పోను అని రాయొచ్చు. రాస్తే నీకు చర్చి యాది చేసినట్టయితది, నువ్వు చర్చి ఇడిసిపెట్టినవని ఎత్తిపొడిసినట్టయితది. బాపు పోయేటప్పుడు గూడ అదే మాట మీద ఆయనకు నీకు పడకపాయె. మళ్ల నేనెందుకు తవ్వుడు అని కాయిదంల ఆదివారం గడి నింపిన. ఖాళీగ ఇడిస్తే నువ్వు రాలేదని గోడ మీద రాసినట్టుంటది. మీ అన్న రోజు చూస్తడు ఆ కాయిదం.

పాత ముక్కలు గట్టు మీద కుప్పేసిన. తరగలేదు. పురిటిల్లు అన్నవు గదా, ఆ మాట చదివినంక ఆ గట్టు దిక్కే పోతలేను.

తోట బాగలేదు. నూట పది చెట్లకు జిగురు. పోయిన వారం గాలికి ఏడు ఇరిగినయి, గెలలతోని.

మీ అన్న మొన్న అన్నడు, "నీ కాయిదంల పురుగులు తక్కువైతున్నయి, చెట్లల్ల బొక్కలు ఎక్కువైతున్నయి. అంటే పురుగు నీ ముక్కలకు వస్తలేదు, సీదా చెట్టుకే పోతున్నది. ఇగ చాలు రూతూ. మా చెల్లె చదువు బోర్డు మీద మంచిగుంటది, బోదెకు ఎక్కది." నేను నోరు తెరవలేదు. తెరిస్తే కాయిదం అబద్ధం అని చెప్పాలె. గుళికల సంచి తెచ్చి అటుక మీద పెట్టిండు. వచ్చే సోమవారం ట్రాక్టర్‌కు పోడట. పొద్దుగాలనుంచి పోస్తడట. చేతులకు ఏమన్న తొడుక్కోమంటే "నాకు కొత్తనా?" అన్నడు.

నీ లెక్క చెడిపోయిందని నాకు ఏడుపొస్తలేదు సుధా. ఆ చెయ్యి మళ్ల ఆ సంచిల పెడుతుంటే నేను చూడలేను. గంతే.

రూతు

*

ఎల్లారెడ్డి, తోట దగ్గర,
9 ఫిబ్రవరి, ఆదివారం, పదకొండు గంటలు

వదినా,

మీరు చర్చిలో ఉన్నారు. మైకులో పాట ఇక్కడిదాకా వినిపిస్తోంది. నాకు ఇంకా నోటికి వచ్చు ఆ పాట, కానీ పాడలేదు.

నిన్న రాత్రి నాకు రెండు ఆలోచనలు. ఒకటి, అన్నకు ఫోన్ చేసి గుళికలు పోయొద్దని బతిమాలడం. ఏ మొహం పెట్టుకుని బతిమాలాలి? నమ్మించడానికి నా దగ్గర ఉన్నది ఒక్క నీ లెక్కే, ఇప్పుడు అదీ లేదు. రెండోది, అసలు నేను చెప్పిందే తప్పేమో, పోయనీ, చేతులకు తొడుగులైనా పంపుదాం అని. తెల్లారేదాకా తేలలేదు. తేలకుండానే బస్సెక్కాను.

ముందు నలభై ముక్కలు తిప్పాను. తర్వాత గట్టు మీద కుప్ప. వదినా, ఒక్కో ముక్క విప్పి చూశాను. తెల్లటి పిల్లలు, ఎర్ర తలలతో, పొర పొరకూ. అన్నీ తరిగి గట్టంతా ఎండకు పరిచాను. ఇంకా సగం కుప్ప మిగిలింది, నా నడుం మిగల్లేదు.

పెద్ద పురుగులు మాత్రం చంపలేదు. నీ ఇత్తడి గంగాళంలో వేసి మూత పెట్టాను. రెండు వందల పన్నెండు. చంపి, అంకె రాసి పోతే అన్నకు అది ఇంకో కాగితం. చూపించు. మూత తీసి చూపించు. ముక్కల కింద దొరికినవే అందులో ఎనభై తొమ్మిది.

ఇంకో సంగతి నీకు రాయాలి. తగ్గితే గెలిచినట్టు అని నేను రాసింది సగమే నిజం. కొత్త ముక్కలు పెడుతూ ఉంటే మొదట్లో పెరగడమే మంచిది. పెరిగిందంటే చెట్టులోకి పోవాల్సినది మన చేతికి వస్తోందని. అది నాకు తెలుసు. "మొదట పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది" అని రాస్తే నీకు తికమకగా ఉంటుందని మొదటి సగం తీసేశాను. నీకు అర్థం కాదనుకున్నాను. ఆ ఒక్క వాక్యం తీసేసినందుకు నువ్వు రెండు నెలలు ఒంటరిగా భయపడ్డావు.

మీరు వచ్చేలోగా వెళ్లిపోతున్నాను. అన్న ఎదురుగా నిలబడి ఇదంతా చెప్పాలని ఉంది. కానీ బస్సుకే పోతున్నాను. ఈ కాగితం ఆయనకు కూడా చదివి వినిపించు, నా తప్పులతో సహా. నీ తప్పు నువ్వు చెప్పుకోదలిస్తే చెప్పుకో, లేకపోతే అదీ నా మీదే వేసెయ్.

సుధ

*

ఎల్లారెడ్డి,
25 ఫిబ్రవరి

సుధా,

పదిహేను రోజులు నీకు జవాబు రాయక ఉంచిన. కావాల్నని గాదు, పనుల పడి చేతులు తీరలేదు. రోజు ఇంటికొస్తే పెన్ను పట్టే ఓపిక లేదు. మరియను నువ్వు బస్టాండుల నిలబెట్టి అడిగినవట. "అక్క మంచిగున్నది" అన్నదట. దానికి ఇంకో ముచ్చట రాదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చినం. చిట్టీ వాకిట్ల గంగాళం కింద ఉన్నది. ముందు నేను చదువుకున్న. మీ అన్న కాళ్లు కడుక్కుంటున్నడు. చదివి వినిపిస్తున్న అన్న. అంతా చదివిన. నా తప్పు గూడ చెప్పిన, నీ మీద ఎయ్యలేదు. ఆయన మూత తీయమన్నడు.

అన్ని కాళ్లు ముడుచుకొని పడున్నయి. "సచ్చిన పురుగులు చూపిస్తున్నవా నాకు?" అన్నడు. ఆగు అన్న. ఇద్దరం గంగాళం పక్కకు కూసున్నం. కొంచెంసేపటికి ఒకటి కాలు కదిలించింది. ఇంకోటి. ఇగ మొత్తం గంగాళం నల్లగ కదులుడు మొదలయింది, అంచులెక్కుతున్నయి. మీ అన్న ఎనుకకు జరిగిండు. పోయినేడు గుళికలు పోసినప్పుడు ఆయన ఒక్క పురుగును గూడ కండ్ల చూడలేదు సుధా. మొవ్వుల పోసుడు, ఇంటికొచ్చుడే. ఏండ్ల సంది పగోని మొహం చూడక కొట్లాడిండు.

"గిన్ని నీ ముక్కల కిందికే వచ్చినయా?" అన్నడు. ఎనభై తొమ్మిది ముక్కల కిందియి, మిగిలినయి నా కుప్పల పుట్టినయి అన్న. అంచెక్కినదాన్ని ఒకదాన్ని ఏలుతోని లోపలికి నెట్టిండు. "మరి కాయిదంల తక్కువ రాసి నన్ను గుళికలకని దుకాణం తోల్తివి గదనే" అన్నడు. తిట్టు అదొక్కటే. దానికి నేను ఏడ్సిన.

సోమవారం గుళికలు పోయలేదు. సంచి అటుక మీదనే ఉన్నది, వాపస్ ఇయ్యలేదు, పారెయ్యలేదు. మార్చి ఆఖరు దాక ముట్ట అన్నడు. ఆ తర్వాత ఏమంటడో నాకు తెల్వదు. ఇది గెలుపు అని బోర్డు మీద రాయకు.

నూట ముప్పై చెట్లు నరికి తీసేసినం, లోపల అంతా డొల్ల. నరుకుతుంటే ఆయనకు ప్రాణం పోయినట్టయింది. ముక్క ముక్క తరిగి ఎండబెట్టినం. ఎండుటాకులు, ఎక్కువ పిలకలు తీసేసినం. మిగిలిన చెట్లల్ల సగానికి గెలలు వస్తున్నయి. నిలబడతయా లేదా, రోజు ముట్టి చూస్తున్న.

ఇంకోటి. నువ్వు ఇగ ఆదివారం పురుగుల కోసం రావద్దు. పాత ముక్కల పని సోమవారానికి మార్చినం. మీ అన్న ట్రాక్టర్‌కు ఆలస్యంగ పోతున్నడు ఆ ఒక్క రోజు. "సోమవారం పెట్టుకుందామా?" అని ఆయన అడిగినప్పుడు నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలేదు. మూడు నెలలు నీకు గాని నాకు గాని ఆ మాట నోట రాలేదు చూడు. వస్తే ఉత్తగ రా. అన్నం తిని పో.

నిన్న సోమవారం ఇద్దరం కలిసి ఏరినం. ఆయన తొడుగులు లేకుండనే ఏరిండు, ఇవి పురుగులే గదా, ఏరనియ్యి అనుకున్న. చెయ్యి వణుకుతున్నది గని, పురుగును మాత్రం ఇడుస్తలేదు. నేను కాయిదం మీద నలభై ఏడు అని రాసిన. రాస్తుంటే ఎనకనుంచి చూసిండు.

"నలభై ఎనిమిది," అన్నడు.

"నేను రెండుసార్లు లెక్కపెట్టిన," అన్న.

"ఒకటి నా అంగీ మీద పాకుతున్నది. దాన్ని గూడ రాయి."

కొట్టేసి మళ్ల రాసిన.

నీ వదిన,
రూతు